ఊరు టర్కీలో, గోరీలు లండన్‌లో: గ్జాంథోస్ చిక్కుముడి

బ్రిటిష్ మ్యూజియంకి మేం వెళ్లింది అమరావతి రాళ్లు చూద్దామని. గుంటూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, లండన్‌లో దిగిన రెండో రోజే "లండన్ ఐ, గిండన్ ఐ తర్వాత, ముందు మన రాళ్లు చూపించు" అన్నాడు. 33ఎ గదిలో వాటిని చూసి, ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోకుండా బయటికి దారి వెతుక్కుంటూ తిరుగుతుంటే 17వ గదిలో పడ్డాం. అక్కడ గదిలో ఒక గుడి ఉంది. నమూనా కాదు, గుడంత గుడి. ఎత్తైన అరుగు, దాని మీద స్తంభాలు, స్తంభాల మధ్య ఎదురుగాలికి బట్టలు ఒంటికి అతుక్కుపోయి పరిగెడుతున్న ఆడవాళ్లు. బోర్డు చదివితే అది గుడి కాదు, ఒక రాజు సమాధి అని తెలిసింది. ఊరి పేరు గ్జాంథోస్. దేశం టర్కీ.

"అయితే ఇదీ మన బాపతే," అన్నాడు అన్నయ్య.

ఆ ముక్క పట్టుకుని మరుసటి ఏడాది ఇద్దరం ఆ ఊరే వెళ్లాం. వెళ్లిన రోజు మాకు ఒక్క ముక్క అర్థం కాలేదని ముందే ఒప్పేసుకుంటున్నాను. తప్పు ఊరిది కాదు. చదువుకోకుండా, జులై మిట్టమధ్యాహ్నం, ఇద్దరికీ కలిపి ఒక్క నీళ్ల బాటిల్‌తో వెళ్లిన మాది. టికెట్ కొనుక్కుని లోపలికి అడుగుపెడితే ఎదురుగా ఒక రోమన్ థియేటర్, దాని పక్కన రెండు ఎత్తైన రాతి కంబాలు, ఇంకొంచెం ముందుకి రోమన్ల అంగడి చావడి, రోడ్డుకి అవతల క్రైస్తవుల పెద్ద చర్చి పునాదులు. బోర్డు మీద మాత్రం "లిసియన్ నగరం" అని ఉంది. "ఇందులో లిసియా ఏదిరా?" అని అన్నయ్య అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు తర్వాత వెతుక్కుని, సాయంత్రం మళ్లీ వెళ్లి చూశాం. మీరు ఒక్కసారే వెళ్లేలా అయినా ఉంటుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు ఎక్కడుందో చెప్పి అవతల పెడతాను. టర్కీ పటంలో కింద ఎడమ వైపు, అంతల్యాకి పడమరగా, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండల ప్రాంతమే పాత లిసియా. ఫెతియే ఊరి నుంచి దాదాపు 65 కిలోమీటర్లు వెళితే కినిక్ అని చిన్న ఊరు వస్తుంది. అక్కడికి దోల్ముష్‌లు తిరుగుతాయి, అంటే మన షేర్ ఆటోకి పెద్దన్నయ్యలాంటి వ్యాన్లు. దోల్ముష్ అంటే టర్కీ భాషలో "నిండింది" అని అర్థమట, ఎక్కాక ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊరి చుట్టూ కనుచూపు మేర టమాటాల గ్రీన్‌హౌస్‌లే. పక్కనే ఎషెన్ నది, పాతపేరు గ్జాంథోస్ నది. గ్రీకులో గ్జాంథోస్ అంటే పసుపుపచ్చన. వానలకి కొండమట్టి కలిసిన నీళ్లు చూస్తే పేరు సబబే అనిపిస్తుంది. నదిని ఆనుకుని లేచిన గుట్ట మీదే ఈ శిథిలాలు.

ఇక అసలు చిక్కు. "గ్జాంథోస్" అనే పేరే ఆ ఊరివాళ్లది కాదు. అది గ్రీకులు పిలిచిన పేరు. ఊరివాళ్లు తమ ఊరిని అర్న్నా అనుకునేవాళ్లు. తమని తాము లిసియన్లు అని కూడా అనుకోలేదు, త్ర్మ్మిలి అనుకున్నారు. మన నోరు తిరగడానికి కాస్త కష్టపడాలి, వాళ్ల రాతలో అచ్చులు లేకుండా హల్లులు ఇలా వరసగా నిలబడతాయి. లిసియా అనే మాటకి మూలం ఇంకా పాతది. క్రీ.పూ. 13వ శతాబ్దంలో, ఇప్పటి టర్కీ నడిమి భాగం నుంచి ఏలిన హిట్టైట్ రాజులు ఈ ప్రాంతాన్ని "లుక్కా" అనేవాళ్లు. హిట్టైట్ రాజు నాలుగో తుధలియా యల్బుర్త్ దగ్గర రాతి మీద చెక్కించిన యుద్ధ కథలో అవర్న, పతర, త్లవ అనే ఊళ్ల పేర్లున్నాయి. అవే గ్జాంథోస్, పటారా, త్లోస్. కాబట్టి ఇది గ్రీకులు వచ్చి కట్టుకున్న ఊరు కాదు. స్థానికుల ఊరు, స్థానికుల భాష. గ్రీకు దుస్తులు తర్వాత వేసుకుంది, రోమన్ దుస్తులు ఆ తర్వాత. థియేటర్ క్రీ.శ. 2వ శతాబ్దం నాటిది. దక్షిణం వైపు దారి మీద కనిపించే కమాను వెస్పాసియన్ చక్రవర్తి కాలానిది, 1వ శతాబ్దం. దాన్ని ఆనుకునే ఉన్న ద్వారం మీద రాజు మూడో అంటియోకస్ ఈ ఊరిని లెటో, అపోలో, ఆర్టెమిస్ దేవతలకి అంకితం చేసినట్టు రాసి ఉంది, అది క్రీ.పూ. 2వ శతాబ్దపు మొదటి రోజుల మాట. చర్చి ఇంకా తర్వాత. అంటే లోపల కనిపించే వాటిలో ముప్పావు వంతు లిసియన్ భాష మాట్లాడేవాళ్లు లేకుండా పోయాక కట్టినవే.

మరి లిసియా ఏది? గోరీలు. ఆ ఊళ్లో అసలైన లిసియా అంటే చచ్చిపోయినవాళ్ల ఇళ్లే.

ఇక్కడ మన కళ్లకి ముందు వింతగా తోచేది వాటి చోటు. మన ఊళ్లలో శ్మశానం ఊరి బయట ఉంటుంది, గ్రీకులూ రోమన్లూ కూడా శవాన్ని ఊరిగోడ దాటించే పాతిపెట్టేవాళ్లు. లిసియన్లు మాత్రం తమ పాలకుల గోరీలని ఊరి నడిబొడ్డున, నలుగురూ తిరిగే చోట, దూరానికి కనబడేంత ఎత్తున నిలబెట్టారు. థియేటర్ పక్కన ఉన్న రెండు కంబాలు అవే. ఆరు శతాబ్దాల తర్వాత రోమన్ కాలంలో థియేటర్ కట్టినవాళ్లు కూడా వాటిని పడగొట్టలేదు, పక్కకి సర్దుకుని కట్టుకున్నారు. నాటకం చూడ్డానికి వచ్చినవాడికి ఒక పక్క ఎప్పుడూ పాత రాజుగారి గోరీ కనబడుతూనే ఉండేదన్నమాట.

ఆ రెండు కంబాల్లో ఒకదాన్ని హార్పీ సమాధి అంటారు. క్రీ.పూ. 480, 470 ప్రాంతాల్లో కట్టింది. ఒకే రాయితో చేసిన కంబం, దాని నెత్తి మీద చిన్న గది, గదికి నాలుగు వైపులా పాలరాతి పలకలు, పైన రాతి కప్పు, మొత్తం కలిపి దాదాపు 9 మీటర్లు. మూడంతస్తుల ఇల్లంత ఎత్తున ఒక శవపేటికని మోస్తున్న స్తంభం అనుకోండి. పలకల మూలల్లో ఆడ ముఖం, పక్షి ఒళ్లు ఉన్న ప్రాణులు చిన్న చిన్న మనుషులని చేతుల్లో ఎత్తుకుని ఎగురుతుంటాయి. 19వ శతాబ్దపు ఇంగ్లిష్‌వాళ్లు వాటిని చూసి, గ్రీకు కథల్లో మనుషుల్ని ఎత్తుకుపోయే హార్పీలు అనుకున్నారు, ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. కానీ ఆ ప్రాణుల ముఖాల్లో కోపం లేదు, ఎత్తుకున్న తీరు ఎత్తుకుపోయేదిలా లేదు, చంటిపిల్లని భుజాన వేసుకున్నట్టుంది. చనిపోయినవాళ్ల ఆత్మల్ని తీసుకెళ్లే సైరెన్లు అని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు. నాకు వాటికంటే బాగా నచ్చింది పడమటి వైపు పలక. శవాన్ని లోపలికి దించడానికి అక్కడొక చిన్న కంత ఉంటుంది, సరిగ్గా ఆ కంత మీద ఒక ఆవు దూడకి పాలిస్తున్న బొమ్మ. చావు గుమ్మం మీద అంత మెత్తని బొమ్మ పెట్టాలని ఎవరికి తట్టిందో.

అయితే మీరు కినిక్‌లో తలెత్తి చూసే పలకలు అచ్చు తీసి పెట్టిన నకళ్లు. అసలువి లండన్‌లో ఉన్నాయి. 1838లో చార్ల్స్ ఫెలోస్ అనే ఇంగ్లిష్ యాత్రికుడు ఇటుగా వచ్చి ఈ ఊరిని చూశాడు. మళ్లీ 1840లో వచ్చాడు. 1842లో ఒట్టోమన్ సుల్తాన్ అనుమతితో, బ్రిటిష్ నేవీ ఓడ బీకన్ సాయంతో, కావలసినవి ఎంచుకుని పెట్టెల్లో సర్ది పంపాడు. 17వ గదిలో మేం చూసిన నెరీడ్ సమాధి అలా వెళ్లిందే, ఇక్కడ దాని అరుగు పునాది ఒక్కటే మిగిలింది. పయవ అనే పెద్దమనిషి గోరీ కూడా అంతే, పైది లండన్‌లో, అడుగు ఇక్కడ. నెరీడ్ సమాధి పునాది ముందు నిలబడి అన్నయ్య ఫోన్లో లండన్‌లో తీసిన ఫొటో తెరిచి, ఆ అరుగు మీద పెట్టి చూశాడు. సరిపోయింది. నేనైతే నవ్వలేకపోయాను. అమరావతిలోనూ ఇలాగే కదా: 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు వెళ్లి, అక్కడి నుంచి 1859లో ఓడెక్కాయి, దిబ్బ దగ్గరికి వెళితే మట్టికట్ట, చుట్టూ కొన్ని రాళ్లు. అనుమతి కాగితం ఉందా లేదా అన్న వాదన ఒకటి ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. సుల్తాన్ ఇచ్చిన అనుమతి కాగితం ఊరివాళ్లని అడిగి ఇచ్చింది కాదుగా అన్నది నా బాధ. తీసుకెళ్లకపోతే అవి సున్నంబట్టీలో పడేవేమో అనేవాళ్లూ ఉన్నారు. అమరావతిలో కొన్ని నిజంగానే బట్టీలో పడ్డాయి కాబట్టి ఆ మాటని నేను పూర్తిగా కొట్టిపారెయ్యలేను.

నెరీడ్ సమాధి దగ్గర ఇంకొక్క నిమిషం ఆగాలి, లిసియా అంటే ఏమిటో అందులోనే తెలుస్తుంది. క్రీ.పూ. 390, 380 ప్రాంతాల్లో అర్బినాస్ అనే రాజు కోసం కట్టారని అంటారు. స్తంభాలూ, ఎగిరే బట్టల్లో ఉన్న సముద్రకన్యలూ అచ్చం గ్రీకు పని. దాని అరుగు మీద చెక్కిన యుద్ధ దృశ్యాల్లో రాజుగారు పెర్షియన్ టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చుంటే వెనక ఒకడు గొడుగు పట్టి ఉంటాడు, అది పెర్షియా దొరల దర్జా. గోరీని అంత ఎత్తున ఎక్కించడం మాత్రం ఫక్తు లిసియన్ అలవాటు. అప్పుడు వీళ్లు పెర్షియన్ సామ్రాజ్యానికి కప్పం కట్టేవాళ్లు, పక్కనున్న గ్రీకు శిల్పుల్ని పనికి పెట్టుకునేవాళ్లు, చావు విషయంలో మాత్రం తమ తాతలు చెప్పినట్టే నడిచేవాళ్లు. "గ్రీకా, పెర్షియనా?" అని అడిగితే జవాబు దొరకనిది అందుకే.

గుట్ట వెనక, ఊరిగోడ పక్కన కొండరాళ్లలో ఇంకో రకం గోరీలున్నాయి. వీటి దగ్గరికి వెళ్లి చేత్తో తడిమి చూడండి. రాతిలో తలుపు, తలుపు చట్రం, దాని మీద వరసగా గుండ్రటి దూలాల తలలు, మూలల్లో ఒక దుంగలో ఇంకో దుంగ దిగ్గొట్టినట్టు పొడుచుకొచ్చిన కొసలు. ఒక్క కర్ర లేదు, మొత్తం రాయి. వడ్రంగి చేసే ప్రతి అతుకునీ రాతిపనివాడు అనుసరించాడు, రాతికి ఆ అతుకుతో అవసరమే లేకపోయినా. లిసియన్ల చెక్క ఇళ్లు ఒక్కటీ మిగల్లేదు, ఈ గోరీలు చూసే అవి ఎలా ఉండేవో ఊహిస్తున్నారు. కల్కాన్ పైన బెజిర్గాన్ అనే కొండ ఊళ్లో రైతుల పాత చెక్క గాదెలు ఇప్పటికీ ఉన్నాయి, వాటి వాలకం చూస్తే గోరీలకి బంధువుల్లా ఉంటాయి. మనవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. ఏలూరు జిల్లా గుంటుపల్లి గుహల్లో గుండ్రటి చైత్యం లోపలికి వెళ్లి పైకి చూస్తే పూరిపాక వాసాలు రాతిలో చెక్కి ఉంటాయి, అదీ ఇదే రకం మమకారం. లిసియా గోరీల మూతల వంపూ మన చైత్యాల కమాను వంపూ ఒకేలా ఉన్నాయని 19వ శతాబ్దం నుంచీ కొందరు రాస్తున్నారు. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని నేను మాత్రం అనను, వంచిన కర్ర ఎక్కడైనా ఒకేలా వంగుతుంది.

ఇక భాష. రోమన్ అంగడి చావడి మూలన ఒక రాతి కంబం ఉంది, పైభాగం విరిగిపోయింది, నాలుగు ముఖాల నిండా చీమలబారుల్లా అక్షరాలు. ఫెలోస్ దాన్ని ఒబెలిస్క్, అంటే కొసదేలిన రాతి స్తంభం అన్నాడు, నిజానికి అదీ గోరీయే. క్రీ.పూ. 400 ప్రాంతానిది. 250 లైన్లకి పైగా రాత, లిసియన్ భాషలో దొరికిన వాటిలో ఇంతకన్నా పొడవైనది లేదు. మధ్యలో 12 లైన్ల గ్రీకు పద్యం ఒకటి, అందులో ఆ పాలకుడు ఒక్క రోజులో ఆర్కేడియా సైనికులు ఏడుగురిని చంపాడని గొప్పలు. చివరి భాగం లిసియన్‌కి దగ్గరి చుట్టమైన ఇంకో భాషలో ఉంది, మిల్యన్ అంటారు దాన్ని. అదృష్టం కొద్దీ ఈ కంబం ఉన్నచోటే ఉండిపోయింది. సాయంత్రపు ఏటవాలు ఎండ పడితే తప్ప అక్షరాలు సరిగ్గా కనబడవు, మధ్యాహ్నం మేం దాని పక్కనుంచే వెళ్లిపోయాం, ఉత్త బండ అనుకుని.

చాలామంది "లిసియన్ లిపిని ఛేదించారు" అంటుంటారు. లిపితో గొడవే లేదు. అది గ్రీకు అక్షరాల నుంచి చేసుకున్న 29 అక్షరాల వరస, చదవడం వచ్చు. అర్థం కాకపోవడమే గొడవ. మనం బళ్లారి బస్టాండులో కన్నడ బోర్డు చదివేసి, "చదివాను గానీ ఏమన్నాడో?" అనుకుంటాం చూడండి, అలా. గోరీల మీద పక్కపక్కనే లిసియన్‌లోనూ గ్రీకులోనూ చెక్కిన చిన్న రాతలు మొదట్లో సాయపడ్డాయి. 1973లో ఇక్కడికి 4 కిలోమీటర్ల దూరంలోని లెటూన్‌లో ఫ్రెంచ్ తవ్వకాల్లో ఒక రాతిపలక బయటపడింది, ఒకే విషయం మూడు భాషల్లో: లిసియన్, గ్రీకు, పెర్షియన్ ప్రభుత్వం వాడే అరామిక్. అందులో ఉన్నది మహా సంగతేం కాదు, ఒక దేవుడికి కొత్తగా బలిపీఠం, పూజారి, మాన్యం, పన్ను మినహాయింపు ఏర్పాటు చేసిన కాగితం లాంటిది. మన ఊళ్లలో గుడి గోడల మీద దానశాసనాలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే. కానీ భాషలో చీకటిగా ఉన్న చాలా చోట్ల దీపం పెట్టింది అదే. ఇప్పుడు అది ఫెతియే మ్యూజియంలో ఉంది, గ్జాంథోస్‌కి వెళ్లేముందే అక్కడికి వెళ్లండి, మాలాగా వెనకముందు చేసుకోకండి.

ఇప్పుడు మామూలు గోరీ రాత చదవడం పెద్ద కష్టం కాదు. ఈ గోరీ ఫలానావాడు కట్టుకున్నాడు, తన భార్యకీ పిల్లలకీ, అంతే. "లద" అంటే భార్య, "తిదేమి" అంటే బిడ్డ, "సె" అంటే "మరియు". ఎవరైనా వీటిని తెలుగుతో ముడిపెట్టి వీడియో చేసేలోపు చెప్పేస్తున్నా, ఏ సంబంధమూ లేదు. ఇది హిట్టైట్, లువియన్ భాషల కుటుంబం, ఇండో యూరోపియన్‌లో ఒక కొమ్మ, ఆ కొమ్మ మొత్తం ఎండిపోయింది. గోరీని ఎవడైనా పాడుచేస్తే దేవుళ్లు చూసుకుంటారని శాపం కూడా పెట్టేవాళ్లు, తర్వాతి కాలపు గ్రీకు రాతల్లోకి వచ్చేసరికి శాపం పక్కనే జరిమానా కూడా చేరింది. దేవుడి మీద నమ్మకం తగ్గిందో, ఖజానాకి డబ్బు అవసరమయ్యిందో. క్రీ.పూ. 4వ శతాబ్దం చివర అలెగ్జాండర్ వచ్చి వెళ్లాక ఈ భాషలో రాతలు ఆగిపోయాయి. మనుషులు ఎక్కడికీ పోలేదు, అదే ఊళ్లో అవే కుటుంబాలు గ్రీకులో రాసుకోవడం మొదలుపెట్టాయి.

లిసియా గురించి వెతికితే మొదట తగిలే మాట: అక్కడ తల్లిపేరుతో పిలుచుకునేవాళ్లట, ఆడవాళ్ల రాజ్యమట. దీనికి మూలం క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్. లిసియావాణ్ని నువ్వెవరు అని అడిగితే తన తల్లి పేరు, తల్లి తల్లి పేరు చెబుతాడని రాశాడు. ఎక్కడా లేని ఆచారం ఇదొక్కటే అన్నాడు. మరి రాళ్లు ఏమంటున్నాయి? వాళ్ల సొంత రాతల్లో మనుషులు ఎక్కువగా తండ్రి పేరుతోనే ఉన్నారు. లెటూన్ పలకలో పూజారిగా పెట్టిన సిమియాస్‌ని కూడా కొండొరసిస్ కొడుకు అనే రాశారు. హెరోడోటస్ అబద్ధం చెప్పాడా అంటే అదీ కాదనుకుంటాను, ఏదో ఒక చోట ఒక వాడుకని చూసి లేదా విని మొత్తానికి అంటగట్టి ఉంటాడు. తల్లి పేరు కనబడగానే ఆడవాళ్ల రాజ్యం అనుకోవడం ఎంత తొందరపాటో మనకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది! గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి, నాగార్జునకొండ ఇక్ష్వాకుల్లో మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, అందరూ అమ్మ పేరు ముందు పెట్టుకున్నవాళ్లే, కానీ సింహాసనం మాత్రం తండ్రి నుంచి కొడుక్కే వెళ్లింది. పేరు ఒక లెక్క, ఆస్తి ఇంకో లెక్క.

ఇంకో కథ ఉంది, ఇది గైడ్లందరూ గొంతు తగ్గించి చెప్పేది. క్రీ.పూ. 540 ప్రాంతంలో పెర్షియా చక్రవర్తి సైరస్ సేనాని హార్పగస్ ఈ ఊరి మీదికి వచ్చాడు. ఓడిపోతామని తెలిశాక మగవాళ్లు భార్యాపిల్లల్నీ, సొమ్మునీ, పనివాళ్లనీ కోటలోకి చేర్చి నిప్పుపెట్టి, ప్రమాణాలు చేసుకుని బయటికి దూకి ఒక్కడు మిగలకుండా చచ్చిపోయారు. అప్పుడు ఊళ్లో లేని 80 కుటుంబాలు మాత్రమే మిగిలాయి. ఇదీ హెరోడోటస్సే. ఐదు వందల ఏళ్ల తర్వాత, క్రీ.పూ. 42లో, సీజర్‌ని పొడిచిన బ్రూటస్ సైన్యానికి డబ్బు కోసం లిసియా మీద పడ్డాడు, మళ్లీ అదే కథ, మళ్లీ నిప్పు. బతికించిన ప్రతి మనిషికీ సైనికులకి బహుమానం ఇస్తానన్నా 150 మందికి మించి దొరకలేదని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. పసిబిడ్డ శవాన్ని మెడకి కట్టుకుని, ఉరేసుకుని, చేతిలో కాగడాతో సొంత ఇంటికి నిప్పుపెడుతున్న ఆడమనిషి గురించి విని, చూడ్డానికి మనసొప్పక బ్రూటస్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడని కూడా.

ఈ కథని ఎంతవరకు నమ్మాలి? రెండో ముట్టడి జరిగిందన్న దాంట్లో అనుమానం లేదు, ఊరు ఘోరంగా నాశనమైంది, తర్వాత ఆంటోనీ వచ్చి లిసియాకి పన్నులు మాఫీ చేసి, తిరిగి కట్టుకోమన్నాడు. కానీ అప్పియన్ అనే చరిత్రకారుడు ఇంకొంచెం ముందుకెళ్లి గ్జాంథోస్‌వాళ్లు ఇలా చావడం మూడోసారి అంటాడు, మధ్యలో అలెగ్జాండర్ కాలంలో కూడా ఒకసారి జరిగిందని. అలెగ్జాండర్ దండయాత్రని వివరంగా రాసిన ఆరియన్ పుస్తకంలో మాత్రం గ్జాంథోస్, పినారా, పటారా మర్యాదగా లొంగిపోయాయి. నాకు అర్థమైంది ఏమిటంటే, ఒకసారి ఊరికి "ప్రాణం తీసుకుంటారు గానీ లొంగరు" అన్న పేరు పడ్డాక, ప్రతి ముట్టడినీ ఆ అచ్చులోనే పోసి రాశారు. హార్పగస్ తర్వాత ఊరు నిజంగా కొత్త జనంతో నిండి ఉంటే, వచ్చినవాళ్లూ చుట్టుపక్కల లిసియా ఊళ్లవాళ్లే అయి ఉండాలి, ఎందుకంటే ఆ తర్వాతి గోరీలన్నీ లిసియన్ భాషలో, లిసియన్ పేర్లతో, లిసియన్ పద్ధతిలోనే ఉన్నాయి. తమాషా ఏమిటంటే రాతకంబం గోరీలో ఉన్న పాలకుడి తండ్రి పేరు కూడా హార్పగసే. ఊరిని తగలబెట్టినవాడి పేరుని వందేళ్ల తర్వాత ఊరి పెద్ద ఇంట్లో పెట్టుకున్నారంటే, లోపల నడిచిన సంబంధాలు కథలో చెప్పినంత నలుపు తెలుపుగా లేవన్నమాట.

లిసియన్ లీగ్ గురించి ఎక్కడ చదివినా "ప్రపంచంలో మొదటి ప్రజాస్వామ్యం" అని ఊదరగొడతారు, అది అతి. విషయం మాత్రం నిజంగా బాగుంది: 23 ఊళ్లు కలిసి ఒక సమాఖ్య, పెద్ద ఊళ్లు ఆరింటికి తలా మూడు ఓట్లు, మధ్యరకం వాటికి రెండు, చిన్నవాటికి ఒకటి, పన్నులూ ఆ లెక్కనే. పెద్ద ఆరు: గ్జాంథోస్, పటారా, పినారా, ఒలింపోస్, మైరా, త్లోస్. మన రాజ్యసభలో ఆంధ్రాకి 11, తెలంగాణకి 7 అన్నట్టు. ఫ్రెంచ్ రాజకీయ తత్వవేత్త మాంటెస్క్యూ 1748లో దీన్ని మెచ్చుకున్నాడు, అమెరికా రాజ్యాంగం కోసం వాదిస్తూ హామిల్టన్, మాడిసన్ కూడా దీన్ని ఉదాహరణగా తెచ్చారు. వాళ్ల సభ జరిగిన భవనం పటారాలో ఉంది, ఇసుకలోంచి తీసి బాగుచేసి 2012లో తెరిచారు. మెట్ల మీద కూర్చోవచ్చు. పటారా కినిక్‌కి దగ్గరే, పక్కనే పొడవాటి బీచ్, రాత్రిళ్లు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయని చీకటి పడ్డాక మూసేస్తారు. క్రిస్మస్ తాతకి మూలమైన సెయింట్ నికొలస్ పుట్టింది పటారాలోనే అని చెబుతారు, ఇంటికొచ్చి పిల్లలకి ఆ ఒక్కటే చెప్పాను, మిగతాదేదీ వాళ్లు వినలేదు.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. ఏప్రిల్, మే గానీ అక్టోబర్ గానీ మంచిది. నీడ దాదాపు లేదు. చెప్పులు కాదు, బూట్లు, రాళ్ల మధ్య ముళ్లకంప ఎక్కువ. చర్చి నేల మీద మొజాయిక్‌లు చాలా చోట్ల కంకర కప్పేసి ఉంటాయి, ఎండకీ వానకీ పోకుండా, వాటిని తవ్వి చూడాలని తాపత్రయపడొద్దు. గేటు బయట కొట్లో చల్లటి అయ్రాన్ దొరుకుతుంది, ఉప్పేసిన చిక్కటి మజ్జిగ, కరివేపాకు ఒక్కటే తక్కువ.

లెటూన్‌ని మాత్రం వదలొద్దు. 1988లో యునెస్కో ఈ రెండింటినీ కలిపే జాబితాలో పెట్టింది, ఊరు గ్జాంథోస్ అయితే దాని గుడి లెటూన్. గ్రీన్‌హౌస్‌ల మధ్య సందుల్లోంచి వెళితే పక్కపక్కనే మూడు గుళ్ల పునాదులు, తల్లి లెటోకి ఒకటి, ఆమె కవలపిల్లలు ఆర్టెమిస్, అపోలోలకి చెరొకటి. లెటో గుడి స్తంభాలు కొన్ని మళ్లీ నిలబెట్టారు. భూమిలో నీటిమట్టం పైకి రావడంతో గుడి ముంగిలి సగం చెరువైపోయింది, స్తంభాల ముక్కలు నీళ్లలో, ముక్కల మీద తాబేళ్లు.

అక్కడి కథ రోమన్ కవి ఓవిడ్ చెప్పాడు. చంటి కవలల్ని ఎత్తుకుని, ఎండలో నడిచి నడిచి నోరెండిపోయిన లెటో ఇక్కడి కొలను దగ్గర నీళ్లు తాగబోతే, పల్లెటూరివాళ్లు తాగనివ్వలేదు, కావాలని కొలనులోకి దిగి కాళ్లతో బురద కలిపారు. ఆవిడకి ఒళ్లు మండి, మీరు ఈ బురదలోనే ఎప్పటికీ పడి ఉండండి అంది. వాళ్లు కప్పలైపోయారు.

మేం వెళ్లేసరికి సాయంత్రం ఆరు దాటింది, మాతోపాటు ఇంకెవరూ లేరు. నీళ్లలో చెయ్యి పెడదామని అన్నయ్య అంచుకి వంగగానే, అప్పటిదాకా చప్పుడు చెయ్యకుండా ఉన్న కొలను ఒక్కసారిగా బెకబెకమంది. ఒకటి కాదు, వందలు. అన్నయ్య చెయ్యి వెనక్కి తీసుకుని, "తాగట్లేదురా బాబూ, చూస్తున్నానంతే," అన్నాడు వాటితో, తెలుగులోనే.